నిల్వ: సున్నా

పుస్తకం రాయడం సువర్చలకి పెద్ద కష్టం అనిపించలేదు. అచ్చు వేయించడం అంతకంటే తేలికైంది. అలాంటి పుస్తకం ఒకటి ఉందని నమ్మించడానికే మూడు నెలలు పట్టింది.

పూలపర్రు శాఖా గ్రంథాలయానికి ఆమె ఇరవై రెండేళ్ళుగా వెళ్తోంది. బుధవారం, శనివారం మధ్యాహ్నం వంటిల్లు కడిగేసి, గొడుగు పట్టుకుని నడిచి వెళ్ళి, నాలుగో బీరువా పక్కన కిటికీ దగ్గరున్న ఇనపకుర్చీలో కూర్చునేది. పుస్తకం చదువుతూ మనుషుల్ని కూడా చూసేది. డిటెక్టివ్ నవలల్ని చివరి పేజీ నుంచి మొదలుపెట్టే ఆటో డ్రైవరు, పిల్లలే లేకపోయినా పెళ్ళి ప్రకటనలన్నీ వదలకుండా చదివే రిటైర్డు కంపౌండరు, ఉద్యోగ పరీక్షల పుస్తకం తెరిచిపెట్టుకుని దానిమీద నిద్రపోయే డిగ్రీ పిల్ల. అలా పద్నాలుగు మంది గురించి పద్నాలుగు వ్యాసాలు రాసింది. ఏడోది అటెండరు నూకాలమ్మ మీద. పుస్తకానికి 'నాలుగో బీరువా పక్కన' అని పేరు పెట్టుకుంది.

ఊళ్ళో ఉన్న రెండు ప్రెస్సుల వాళ్ళూ అయిదు వందల కాపీలకి తక్కువైతే మిషను కదలదన్నారు.

"అయిదు వందల పుస్తకాలు మంచం కింద పెడితే, మంచం ఎక్కడ పెట్టుకుందాం?" అన్నాడు ఆమె భర్త పాండురంగం.

అప్పుడామె ప్రింట్ ఆన్ డిమాండ్ సైటు ఒకటి వెతికి పట్టుకుంది. అందులోని సూచనలన్నీ పెన్సిలు చేతపట్టుకుని మూడుసార్లు చదివింది. అంచులు సరిచేసుకుని, అట్ట తయారుచేసుకుని, ఫైలు ఎక్కించి, ఒక్క ప్రూఫ్ కాపీ తెప్పించుకుంది. నలభై ఒక్క తప్పులు దొరికాయి. రెండో ప్రూఫులో మూడు. మూడో దాంట్లో ఒక్కటీ లేదు. ఈ-బుక్ కూడా పెట్టింది. ఇక ఎవరైనా అడిగితే ఒక్క కాపీ అచ్చయి నేరుగా వాళ్ళింటికి వెళ్తుంది. ఎవరూ అడక్కపోతే ఏమీ అచ్చవదు. ఈ పద్ధతి ఆమెకి బాగా నచ్చింది. ఎంతమంది తింటారో అడిగి బియ్యం కడిగే మనిషి ఆమె.

మొదటి కాపీ పట్టుకెళ్ళి నూకాలమ్మ చేతిలో పెట్టింది. నూకాలమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని, పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"ఇలాక్కాదండమ్మగోరూ. ముద్ర పడాలండి. నంబరెయ్యాలండి. నాలుగో బీరువాలో, కిటికీ పక్క అరలో కూకోవాలండి."

"కూర్చుంటుందిలే. ఇది నీ కోసం తెచ్చాను, నూకాలమ్మా. ఇంటికి తీసుకెళ్ళి చదువుకో."

"ముప్పై ఒక్కేళ్ళ నుంచి అందరి పుస్తకాలూ దులుపుతున్నానండి. ఆగస్టు ముప్పై ఒకటో తారీకుకి నన్ను పొమ్మంటారు. ఎల్లేలోపల నా గురించి ఉన్న పుస్తకం ఆ అరలోంచి తీసి, ఒక్కసారి దులిపి, అక్కడే కూకుని సదివి ఎల్తాను. ఆయ్, అంతేనండి నా కోరిక."

అప్పటికి జూన్ రెండో వారం. గ్రంథాలయానికి ఒక పుస్తకం ఉచితంగా ఇవ్వడానికి రెండున్నర నెలలు చాలవని సువర్చలకి ఎలా తెలుస్తుంది?

గ్రంథపాలకుడు తాతబ్బాయి మంచివాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మెమో అందుకున్నాడు. అప్పటినుంచీ నవ్వాలన్నా రూలు పుస్తకం చూసుకుని నవ్వుతాడు.

"చాలా సంతోషమండి మేడమ్ గారూ. అయితే రిజిస్టరుకి ఎక్కనిదే అరలో పెట్టకూడదండి. పదకొండో నంబరు ఫారం నింపాలండి. ఈ-బుక్ కూడా ఉందంటున్నారు కదా, అదీ జతచెయ్యండి."

"ఈ-బుక్ జతచెయ్యడమంటే?"

"అదే నేనూ ఆలోచిస్తున్నానండి. ప్రతి గ్రంథానికీ పదిహేడో పేజీ మీదా ఆఖరి పేజీ మీదా మన గుండ్రటి ముద్ర పడాలండి. ఫోను మీద వేస్తే అద్దం మీద ఇంకు నిలవదండి. చూశాను."

ఆయన నిజంగానే వేసి చూశాడు. ఆయన ఫోను మీద ఊదారంగు మరక ఇంకా ఉంది. చివరికి జిల్లా కార్యాలయం నుంచి స్పష్టత వచ్చింది. ఈ-బుక్‌ని మొత్తం కాయితాల మీద ముద్రించి, రెండు పేజీల మీద ముద్ర వేసి, ఆ కాయితాలన్నీ మళ్ళీ స్కాన్ చేసి, దాన్ని పెన్‌డ్రైవులో పెట్టి, పెన్‌డ్రైవుని ఎవరూ ఎత్తుకుపోకుండా పురికొసతో రిజిస్టరుకి కట్టాలి. సువర్చల అన్నీ చేసింది. ముడి కూడా తనే వేసింది. తాతబ్బాయి వేసిన ముడి వదులుగా ఉంది.

ఆ తర్వాత ఫారం. పేరు, తండ్రి లేక భర్త పేరు, గ్రంథము యొక్క బరువు. అన్నీ నింపింది. పద్నాలుగో గడిలో ఇలా ఉంది: 'ప్రకాశకుని వద్ద విక్రయార్థము నిల్వయున్న ప్రతుల సంఖ్య.'

ప్రకాశకురాలు, అంటే పుస్తకం వేయించిన మనిషి, తనే. తన దగ్గర నిల్వ అంటూ ఏమీ లేదు. అడిగినప్పుడే అచ్చయ్యే పుస్తకానికి నిల్వ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆమె ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి. గడిలో చక్కగా గుండ్రంగా 'సున్నా' అని రాసింది.

ఆ సున్నాని చూసిన ప్రతివాడూ దాని చుట్టూ ఎర్ర ఇంకుతో మరో సున్నా చుట్టాడు. జిల్లా కార్యాలయం చేరేసరికి సున్నా చుట్టూ అయిదు సున్నాలున్నాయి.

జూలై ఆరో తారీకున రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది.

'విషయము: నాలుగో బీరువా పక్కన అను గ్రంథము - దుర్లభ గ్రంథముగా పరిగణించుట - గురించి. సూచిక: మీ ఫారము. పై సూచికననుసరించి మీకు తెలియజేయునది ఏమనగా, ఏ గ్రంథమునకు ప్రకాశకుని వద్ద ప్రతులు నిశ్శేషముగా లేవో, అట్టి గ్రంథము నియమావళిలోని ఇరవై ఏడవ నియమము ప్రకారము దుర్లభ గ్రంథమగును. దుర్లభ గ్రంథములను బహిరంగ అరలయందు ఉంచుట, పాఠకులకు ఇచ్చుట, పాఠకులు ముట్టుకొనుట నిషిద్ధము. తనిఖీ బృందము త్వరలో మీ గోదామును సందర్శించును.'

పాండురంగం ఉత్తరం రెండుసార్లు చదివాడు. "మనకి గోదాము కూడా ఉందా? నాతో ఎప్పుడూ అనలేదేం?"

తనిఖీ బృందమంటే సూపరింటెండెంటు విశ్వపతి, ఒక గుమస్తా, ఒక కొలటేపు. విశ్వపతి పొడుగ్గా, తెల్లగా, ఇస్త్రీ చేసిన ఫైలులా ఉంటాడు. ప్రతి వాక్యాన్నీ 'ఇందుమూలముగా' అన్నట్టే మొదలుపెడతాడు. గుమ్మంలో నిలబడి, "గోదాము ఎక్కడ?" అన్నాడు.

"గోదాము లేదండీ. ఎవరైనా అడిగినప్పుడే అచ్చవుతుంది."

"అయితే మేము అడుగుచున్నాము. చూపించండి."

"మీరు ఆర్డరు పెడితే అయిదు రోజుల్లో వస్తుందండీ."

విశ్వపతి గుమస్తా వైపు తిరిగాడు. "రాసుకోండి. గ్రంథము అడిగినను లభించుట లేదు. దుర్లభత్వము ప్రత్యక్షముగా నిర్ధారణ అయినది."

గుమస్తా రాసుకున్నాడు. వచ్చినందుకు ఏదో ఒకటి కొలవాలి కాబట్టి వంటింటి పక్కనున్న సామాన్ల గది కొలిచారు. బియ్యం డబ్బా, రెండు నూనె టిన్నులు, మాగాయ జాడీ, ఆవకాయ జాడీలు మూడు. నివేదికలో 'ప్రకాశకురాలి నిల్వగది: ఊరగాయలు సమృద్ధిగానున్నవి, గ్రంథములు లేవు' అని ఎక్కింది. ఒక జాడీ మూత తీసి చూసిన గుమస్తా, "ఇది కొత్తదాండీ, పాతదాండీ?" అని అడిగాడు. తనిఖీ మొత్తంలో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే.

"విశ్వపతి గారూ, ఒకవేళ నా దగ్గర ప్రతులుంటే దుర్లభం కాకుండా పోతుందా?" అని అడిగింది సువర్చల.

"నిస్సందేహముగా. నిల్వ ఉన్నచో దుర్లభము కాదు. అది సామాన్య గ్రంథము. సామాన్య గ్రంథమును ఎవ్వరైననూ ముట్టుకొనవచ్చును."

అయితే సామాన్యురాల్నే అవుతానని, ఆ సాయంత్రమే ఆమె ఇరవై కాపీలకి ఆర్డరు పెట్టింది. వారంలో అట్టపెట్టె వచ్చింది. దాన్ని ఆటోలో వేసుకుని జిల్లా కార్యాలయానికి వెళ్ళి, విశ్వపతి బల్ల మీద ఇరవై పుస్తకాలూ పేర్చిపెట్టింది.

"ఇదిగోండి, నిల్వ."

విశ్వపతి ఒక పుస్తకాన్ని వేలి కొసతో తాకి, వేలు చూసుకున్నాడు. "ఇవి ఎట్లు ముద్రణ అయినవి?"

"ఆర్డరు పెడితే అయ్యాయండీ."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"అనగా కొనుగోలుదారు మీరు."

"అవునండీ."

"కొనుగోలు చేసిన పిమ్మట అది అమ్ముడుపోయిన ప్రతి అగునా, నిల్వయున్న ప్రతి అగునా?"

సువర్చల డిగ్రీలో తర్కశాస్త్రం చదువుకుంది. ఆ పరీక్షలో మంచి మార్కులు కూడా వచ్చాయి. ఆ మార్కులు ఈ గదిలో చెల్లవని ఇప్పుడే తెలుస్తోంది.

"ప్రకాశకురాలైన సువర్చల గారు, రచయిత్రియైన సువర్చల గారికి ఇరువది ప్రతులు అమ్మివేసినారు," అని విశ్వపతి గుమస్తాకి చెప్పాడు. "ప్రస్తుతము ప్రకాశకురాలి వద్ద నిల్వ ఎంత?"

"సున్నా అండి."

"మునుపు ఒక్క ప్రతి వెలువడి నిల్వ సున్నా. ఇప్పుడు ఇరువది యొక్క ప్రతులు వెలువడిననూ నిల్వ సున్నాయే. ఇంత గిరాకీ గల గ్రంథము మన జిల్లాలో ఇంతవరకు లేదు. దీనిని అతి దుర్లభ శ్రేణికి పెంచవలసియున్నది."

"వద్దండీ," అంది సువర్చల. "పెంచొద్దు. కావాలంటే తగ్గించండి."

"వినయము రచయితలకు భూషణము. అతి దుర్లభ గ్రంథములు ప్రైవేటు వ్యక్తుల యొద్ద ఉండరాదు. ఈ ఇరువదియు కార్యాలయము స్వాధీనపరచుకొనుచున్నది. రశీదు ఇప్పించెదము."

పుస్తకాలు తీసుకెళ్ళిన ఆమె రశీదు తెచ్చుకుంది. రాత్రి అన్నం వడ్డిస్తూ జరిగింది చెప్తే పాండురంగం నోటిదాకా వెళ్ళిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"పోనీ, ఇంకెవరూ కొనకుండా చూడు. ఇంకో పదిమంది కొన్నారంటే నిన్ను కూడా స్వాధీనపరచుకుంటారు."

ఆగస్టు పన్నెండున అతి దుర్లభ గ్రంథాల బీరువా పూలపర్రుకి లారీలో వచ్చింది. ఆరడుగుల ఉక్కు బీరువా. తలుపుకి మూడు తాళాలు. ఒక తాళంచెవి విశ్వపతి దగ్గర, ఒకటి తాతబ్బాయి దగ్గర, మూడోది మండల కార్యాలయంలో ఒక అధికారి దగ్గర ఉండాలని ఉత్తర్వు. దాన్ని పెట్టడానికి జాగా కోసం చూస్తే, తేమ తగలని చోటు, గాలి ఆడే చోటు, కిటికీ దగ్గరే ఉంది. అందుకని నాలుగో బీరువాని తీసేశారు. అందులోని కథల పుస్తకాలన్నీ గోనెసంచుల్లోకి ఎక్కి వెనక వరండాలోకి వెళ్ళాయి. ఇనపకుర్చీ కూడా వెళ్ళింది.

'నాలుగో బీరువా పక్కన' అనే పుస్తకం కోసం నాలుగో బీరువా పోయింది.

నూకాలమ్మ కొత్త బీరువా ముందు దులిపే గుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"అమ్మగోరూ, ఏటండీ ఇది? నేను అడిగింది అరండి. ఈళ్ళు జైలు తెచ్చారు."

"నేనే సున్నా రాశాను, నూకాలమ్మా. ఏదో ఒక అంకె వేసుంటే సరిపోయేది."

"మీరు అబద్ధం రాత్తారా ఏటి? రాయరు." గుడ్డ రెండో భుజానికి మార్చుకుని, "ఇంకా పంతొమ్మిది రోజులుందిలెండి," అంది. తనకి చెప్పుకున్నట్టుంది ఆ మాట.

బీరువాతో పాటు ఉత్తర్వు కూడా వచ్చింది, అరవై రెండు పేజీలు, అనుబంధాలతో సహా. ఆగస్టు ముప్పై ఒకటిన ఉదయం పది గంటలకి గ్రంథ ప్రవేశం, వెంటనే మూడు తాళాలు. అదే సభలో నూకాలమ్మకి వీడ్కోలు కూడా పెడితే రెండు కార్యక్రమాలకీ ఒకే దండ సరిపోతుందని తాతబ్బాయి ఆలోచన.

సువర్చల ఉత్తర్వు నకలు అడిగి ఇంటికి తెచ్చుకుంది. సైటులో సూచనలు చదివినట్టే, పెన్సిలు పట్టుకుని మూడుసార్లు చదివింది. మొదటిసారి చదివితే ఏమీ అర్థం కాలేదు. రెండోసారి, దాన్ని రాసినవాళ్ళకీ అర్థమై ఉండదని అర్థమైంది. మూడోసారి, మూడో అనుబంధంలో తొమ్మిదో అంశం దగ్గర పెన్సిలు ఆగింది.

ఇరవై తొమ్మిదో తారీకున ఆమె విశ్వపతి ముందు కూర్చుంది.

"చిన్న సందేహం అండీ. మూడో అనుబంధం, తొమ్మిదో అంశం అమలైందా?"

విశ్వపతి మొహంలో ఏ మార్పూ లేదు కానీ, చెయ్యి మాత్రం నెమ్మదిగా ఉత్తర్వు వైపు వెళ్ళింది. ఆమె చూడకుండానే చెప్పింది.

"'తాళము వేయుటకు పూర్వము గ్రంథమును పుట పుటయు దులపవలెను. పురుగు లేదని ప్రతి పంక్తిని కన్నులతో పరిశీలించి నిర్ధారించవలెను. ఈ కార్యము దులుపుటయందు ముప్పది సంవత్సరముల అనుభవమునకు తక్కువ కాని ఉద్యోగిచే మాత్రమే జరుపవలెను.' ఇది చెయ్యకుండా తాళం వేస్తే రేపు ఆడిట్ వాళ్ళు ఏమంటారోనని..."

ఆడిట్ అన్న మాట వినగానే విశ్వపతి భాష మారింది. "అమ్మో, మంచిపని చేశారండీ చెప్పి. ముప్పై ఏళ్ళవాళ్ళు ఎవరున్నారు మనకి? అందరూ కాంట్రాక్టు వాళ్ళే కదా."

"పూలపర్రులో ఒకావిడ ఉంది. ముప్పై ఒక్కేళ్ళు. ఎల్లుండి సాయంత్రం అయిదింటి వరకే ఉంటుంది."

ముప్పై ఒకటో తారీకు ఉదయం సభ జరిగింది. విశ్వపతి గ్రంథం గొప్పతనం గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ముట్టుకోవడం నిషిద్ధం కాబట్టి అందులో ఏముందో ఆయనకి తెలియదు. అయినా ఇబ్బంది పడలేదు. మండలంలో ఇంతకుముందు అచ్చయిన పుస్తకాలన్నీ ఎక్కడపడితే అక్కడ దొరికేవేనని, దొరకని పుస్తకం రాసిన ఘనత సువర్చల గారిదేనని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత దండ నూకాలమ్మ మెడలో వేసి, ఫొటో అయ్యాక తీసి, బీరువా పిడికి తగిలించారు.

పదకొండింటికి నూకాలమ్మని పనిలోకి దింపారు. చేతులకి తెల్లటి తొడుగులు ఇచ్చారు. వెనక వరండాలోంచి ఇనపకుర్చీ తెప్పించారు. నిలబడి పంక్తి పంక్తీ చూడటం కుదరదని తాతబ్బాయే అన్నాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. పుస్తకం తెరిచింది. గుడ్డతో మొదటి పేజీ ఒకసారి తుడిచి, వేలు మొదటి లైను కింద పెట్టింది. పెదవులు కదలడం మొదలైంది.

మూడు తాళంచెవుల వాళ్ళూ బెంచీ మీద వరసగా కూర్చున్నారు. సువర్చల వార్తాపత్రికల బల్ల దగ్గర కూర్చుంది.

పన్నెండున్నరకి విశ్వపతి, "ఎంతవరకు వచ్చినది?" అన్నాడు.

"ముప్పయ్యో పేజీ అండయ్యా."

"త్వరగా కానిమ్ము."

"దుమ్ము బాగా ఉందండయ్యా."

నెల కిందట అచ్చయి, పెట్టెలోంచి ఇప్పుడే బయటికొచ్చిన పుస్తకానికి దుమ్మెక్కడిదని ఎవరూ అడగలేదు. రూలులో దుమ్ము ఉంటే ఉన్నట్టే.

భోజనాలకి వెళ్ళొచ్చారు. నూకాలమ్మ లేవలేదు. నలభై మూడో పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. గుడ్డ ఒళ్ళో పెట్టేసి, వేలు అక్కడే ఉంచి, తలెత్తి సువర్చల వైపు చూసింది. సువర్చల చేతిలోని పత్రిక కింద పెట్టేసింది. బాగాలేదా? ఏదైనా అనకూడని మాట రాసిందా? నూకాలమ్మ మళ్ళీ తల దించుకుని పేజీ తిప్పింది.

మూడింటికి తొంభై. నాలుగున్నరకి నూట పన్నెండు. అదే ఆఖరు. ఆమె పుస్తకం మూసి, అట్ట మీద గుడ్డతో మెల్లగా తుడిచి, లేచి నిలబడింది.

"అయ్యిందండయ్యా."

"ఇంకను ఇరువది ప్రతులున్నవి గదా!"

"అన్నిట్లోనూ అదే దుమ్మండయ్యా."

విశ్వపతి ఆలోచించాడు. గోడ గడియారం చూశాడు. అయిదు దాటితే ఆమె ఉద్యోగి కాదు. దులిపే అర్హత ఉన్న మనిషి ఈ జిల్లాలో ఇంకెవరూ మిగలరు. "ఒక ప్రతి పరిశీలన శేషించిన ప్రతులన్నిటికిని వర్తించును," అని రిజిస్టరు తెరిచాడు. "ఇచ్చట సంతకము. ఈ గడిలో మిగిలిన దుమ్ము ఎంతయో రాయుము."

నూకాలమ్మ తొడుగులు విప్పి, పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. మిగిలిన దుమ్ము: సున్నా.

తాతబ్బాయి ఇరవై ఒక్క పుస్తకాల మీదా పదిహేడో పేజీలోనూ ఆఖరి పేజీలోనూ గుండ్రటి ముద్ర వేశాడు. నూకాలమ్మ పక్కనే నిలబడి ఆ నలభై రెండు ముద్రలూ చూసింది. పుస్తకాలు లోపలికి వెళ్ళాయి. మూడు తాళాలూ పడ్డాయి.

అప్పుడామె సువర్చల దగ్గరికి వచ్చింది.

"బాగా రాశారండమ్మగోరూ. కంపౌండరు గారి దగ్గర నవ్వాపుకోలేక సచ్చాను. కానీ నలభై మూడో పేజీలో తప్పు రాశారండి."

మూడు ప్రూఫులు చూసిన సువర్చల బ్యాగులోంచి పెన్సిలు తీసింది. "ఏమిటది?"

"నాకు సదువొచ్చిన రోజు, మొదటిసారి ఒక వాక్యం పూర్తిగా సదివి ఏడ్చానని రాశారు. నేనేడవలేదండి."

"మరి?"

"నవ్వొచ్చిందండి. ఇంత సిన్న ఇసయానికా ఈళ్ళందరూ బళ్ళో అన్నేళ్ళు కూకుంటారు అనుకున్నాను."

"ఏ వాక్యం అది?"

"అదిగోండి, అదే." తలుపు మీద ఉన్న పాత చెక్కబోర్డుని చూపించింది. "అప్పుడిక్కడ నలుగురో అయిదుగురో కూకుని సదువుకుంటున్నారు. నేను గుడ్డ పట్టుకుని ఆ బోర్డు కింద ఇలాగే నిలబడ్డాను."

"మనసులో చదువుకున్నావా?"

"మనసులో సదవడం అప్పటికి నాకు తెలీదండి."

సువర్చల రాసుకుంది: నలభై మూడో పేజీ, కింది నుంచి ఆరో లైను. ఈ సాయంత్రమే ఫైలు సరిచెయ్యాలి. తప్పున్న కాపీలన్నీ మూడు తాళాల వెనక ఉన్నాయి. ఇక దిగుల్లేదు.

"ఎలా చదివావో ఓసారి చెప్పు, సరిగ్గా రాస్తాను."

నూకాలమ్మ ముప్పై ఒక్కేళ్ళు దులిపిన ఆ బోర్డు కింద నిలబడింది. బీరువా దగ్గర ముగ్గురు అధికారులూ మూడో తాళంచెవి ఏ కవరులో, ఎన్ని లక్క ముద్రలతో పెట్టాలో గట్టిగా వాదించుకుంటున్నారు. ఆమె గొంతు సవరించుకుంది.

"నిశ్శబ్దము పాటించుడు!"

కిటికీ రెక్కలు అదిరేలా వినిపించింది. ముగ్గురూ నోరు మూసుకుని, చేతులు కట్టుకుని, తలుపు వైపు తిరిగారు.